తెర కింద అక్షరాలు

పాత టీవీలో బొమ్మ దొర్లిపోవడం నలభై దాటినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. వార్తలు చదివే ఆవిడ మెడ పైకి, తల కిందికి వెళ్ళిపోయేవి. ఆ రెండు ముక్కల మధ్య ఒక నల్లటి పట్టీ నడిచేది. ఇంట్లో ఎవరో ఒకరు లేచి వెనకున్న వర్టికల్ హోల్డ్ నాబ్ తిప్పేదాకా ఆ పట్టీ అలా ఊరేగుతూనే ఉండేది. అందరం విసుక్కున్న ఆ నల్ల పట్టీలోంచే, వినికిడి లేనివాళ్ళ కోసం టీవీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఇవాళ మనం ఫోన్‌లో సినిమా చూస్తూ కింద చదువుకునే అక్షరాల పుట్టిల్లు అదే.

ఆ పట్టీ ఎందుకు ఉండేదంటే, పిక్చర్ ట్యూబు టీవీలో బొమ్మ మొత్తం ఒక్కసారే పడేది కాదు. ఎలక్ట్రాన్ల పుంజం పైనుంచి కిందికి గీత తర్వాత గీత గీసుకుంటూ వచ్చేది. అమెరికా పద్ధతిలో బొమ్మకు 525 గీతలు, మన దేశంలో 625. అడుగుకు చేరిన పుంజం మళ్ళీ పైకి వెళ్ళి మొదలుపెట్టడానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో వచ్చే గీతల్లో బొమ్మ ఉండదు. మామూలుగా అవి తెర అంచు అవతల దాగి ఉంటాయి, బొమ్మ దొర్లినప్పుడే బయటపడతాయి. అమెరికా టీవీలో ఆ ఖాళీ గీతల వరసలో చిట్టచివర 21వ గీత ఉంటుంది. ఈ కథంతా దాని మీదే నడుస్తుంది.

అయితే అసలు కథ ఇంకా వెనక, మూకీల కాలంలో మొదలవుతుంది. మూకీ సినిమాలో మాట అంటే అట్ట మీద రాసిన అక్షరమే. నటులు పెదవులు కదిపాక అట్ట వచ్చేది, జనం చదువుకునేవాళ్ళు. మన దేశంలో 1913 నాటి రాజా హరిశ్చంద్ర అట్టల మీద ఇంగ్లీషు, హిందీ, మరాఠీ ఉండేవి. చదువురాని వాళ్ళ కోసం హాల్లో ఒకాయన వాటిని పైకి చదివి వినిపించేవాడు. వినికిడి లేనివాళ్ళకు మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు. సినిమా హాల్లో వాళ్ళు మిగతా వాళ్ళతో సరిసమానంగా కూర్చున్న కాలం అది. 1927లో అమెరికాలో ది జాజ్ సింగర్ వచ్చింది, 1932లో తెలుగులో భక్త ప్రహ్లాద వచ్చింది. తెర మాట్లాడింది, అట్టలు మాయమయ్యాయి. లోకమంతా పండగ చేసుకున్న ఆ రోజున వినికిడి లేనివాళ్ళు ఒక్కసారిగా హాలు బయట పడ్డారు. వాళ్ళ నష్టాన్ని చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తీసుకున్నవాడు మూకీ నటుడే. ఎమర్సన్ రొమెరో క్యూబాలో పుట్టాడు, అతనికి వినబడదు. టామీ ఆల్బర్ట్ అనే తెరపేరుతో హాస్య మూకీల్లో వేషాలు వేశాడు. టాకీలు రాగానే అతని వేషాలు పోయాయి, ప్రేక్షకుడిగా అతని కుర్చీ కూడా పోయింది. 1947లో అతను సినిమా రీళ్ళు సంపాదించి, కత్తిరించి, మాటలు రాసిన అట్టల్ని బొమ్మల మధ్య అతికించడం మొదలుపెట్టాడు. వాటిని బధిరుల బళ్ళకూ క్లబ్బులకూ అద్దెకిచ్చేవాడు. పద్ధతి మోటుదే. అట్ట వచ్చినప్పుడల్లా కథ ఆగేది, శబ్దం తెగిపోయేది. కానీ తన వాళ్ళు మళ్ళీ సినిమా చూశారు. ఆ దారిలోనే కనెక్టికట్ రాష్ట్రం వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లోని బధిరుల పాఠశాల అధిపతి ఎడ్మండ్ బోట్నర్, న్యూయార్క్‌లోని లెక్సింగ్టన్ స్కూల్‌కి చెందిన క్లారెన్స్ ఓకానర్ కలిసి బొమ్మ మీదే అక్షరాలు ముద్రించిన సినిమాల్ని బళ్ళకు పంపే ఏర్పాటు చేశారు. 1958లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సంతకంతో అది ప్రభుత్వ పథకమైంది.

సినిమా సంగతి అలా కుదిరింది. టీవీ సంగతి కుదరలేదు. టీవీ ఇంటింటికీ ఒకేసారి పోతుంది. అందరి తెర మీదా అక్షరాలు వేస్తే అక్కర్లేనివాళ్ళు ఊరుకోరని ఛానళ్ళ భయం. కావలసినవాళ్ళకే కనబడి మిగతా వాళ్ళకు కనబడని అక్షరాలు కావాలి.

ఆ దారి చూపింది ఎవరో కాదు, గడియారాల మీద పనిచేస్తున్న ఇంజనీర్లు. 1970 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వపు నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌కి ఒక ఆలోచన వచ్చింది. తూకాలకూ కొలతలకూ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ అది. టీవీ సిగ్నల్‌లోని ఖాళీ గీతలో ఖచ్చితమైన సమయాన్ని దేశమంతటికీ పంపిద్దామనుకుంది. ఏబీసీ ఛానల్ సాయపడింది. సమయం పంపే ఆ పథకం ఫలించలేదు. కానీ అంకెలు పోగలిగిన గీతలో అక్షరాలూ పోగలవని ఏబీసీ వాళ్ళకు తోచింది. 1971లో నాష్‌విల్‌లో జరిగిన సదస్సులో ఈ ప్రయోగాన్ని చూపించారు. 1972 ఫిబ్రవరి 15న వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల గాలొడెట్‌లో ది మాడ్ స్క్వాడ్ అనే పోలీసు సీరియల్‌ని దాగిన అక్షరాలతో ప్రదర్శించారు. దాగిన అక్షరాల్ని బయటపెట్టే డీకోడర్ ఉన్న టీవీలో మాటలు కనబడ్డాయి, లేని టీవీలో మామూలు బొమ్మే.

ఒక పనికి తవ్విన కాలువలో ఇంకో పొలం పండింది. ఆవిష్కరణల చరిత్రలో ఇలాంటివి చాలానే ఉన్నా, ఇంతమందికి ఉపయోగపడినది మరొకటి వెతకడం కష్టమని నా నమ్మకం.

డీకోడర్లు ఇళ్ళకు చేరడానికి ఇంకా ఎనిమిదేళ్ళు పట్టింది. ఈలోగా బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ స్టేషన్ వాళ్ళు ఆగలేదు. అందరికీ కనబడేలాగే అక్షరాలు వేసి 1972లో ఒక కార్యక్రమాన్ని దేశమంతా ప్రసారం చేశారు. అది వార్తలో నాటకమో కాదు, వంటల కార్యక్రమం. జూలియా చైల్డ్ నడిపే ది ఫ్రెంచ్ షెఫ్. దేశవ్యాప్తంగా అక్షరాలతో ప్రసారమైన మొదటి టీవీ కార్యక్రమం ఒక వంట పాఠం కావడం నాకెంతో ఇష్టమైన సంగతి. వంటలో చేతులు చూస్తే సగం తెలుస్తుంది, మిగతా సగం మాటల్లోనే ఉంటుంది. ఉప్పెంత, మంటెంత, ఎప్పుడు దించాలి అన్నవి చూస్తే తెలిసేవి కావు.

1973 డిసెంబరు నుంచి ఏబీసీ సాయంత్రం వార్తల్ని అదే రాత్రి అక్షరాలతో మళ్ళీ ప్రసారం చేశారు. వార్త అయ్యాక కొద్ది గంటల్లోనే మాటలన్నీ విని, కుదించి, టైపు చేసి సిద్ధం చెయ్యాలి. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. కానీ దేశంలో ఏం జరిగిందో ఆ రోజుకారోజే టీవీలో తెలుసుకునే హక్కు వినికిడి లేనివాళ్ళకు మొదటిసారి దక్కింది వాళ్ళ చేతుల మీదుగానే. చివరికి 1980 మార్చి 16, ఆదివారం నాడు ఏబీసీ, ఎన్‌బీసీ, పీబీఎస్ ఛానళ్ళు 21వ గీతలో దాచిన అక్షరాలను దేశమంతా పంపించాయి. సియర్స్ దుకాణాల్లో డీకోడర్ పెట్టె కొనుక్కుని టీవీకి తగిలించుకుంటే అవి కనబడేవి. ధర దాదాపు 250 డాలర్లు, ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు.

ఆ పెట్టె చేసే పని చాలా పొదుపైనది. ఒక్కో బొమ్మకు రెండే అక్షరాలు అందేవి. సెకనుకు ముప్ఫై బొమ్మలు కాబట్టి సెకనుకు అరవై అక్షరాలు. ఒక వరసలో 32 అక్షరాలకు మించి పట్టవు. మొదట్లో అన్నీ పెద్దబడి అక్షరాల్లోనే వచ్చేవి. ఇంగ్లీషు చిన్నబడిలో పి, జి, వై లాంటి వాటి తోకలు గీత కిందికి దిగుతాయి. ఆ తోకలకు కూడా చోటు లేనంత ఇరుకు అందులో.

ప్రత్యక్ష ప్రసారం సంగతి ఇంకా కష్టం. మాట పలికిన మరుక్షణం అక్షరం కనబడాలి. దానికి కోర్టుల్లో వాంగ్మూలాలు రాసుకునే స్టెనోటైపు యంత్రం అక్కరకొచ్చింది. అందులో ఒక్కో అక్షరం కొట్టరు. ఒకేసారి అయిదారు మీటలు కలిపి నొక్కి ఒక పలుకు మొత్తాన్ని పట్టేస్తారు. ఆరితేరినవాళ్ళు నిమిషానికి రెండొందల మాటలు దాటిస్తారు. 1982లో ఆస్కార్ వేడుక ఇలా ప్రత్యక్షంగా అక్షరాలతో వచ్చింది. ఆ తర్వాత 1990లో చట్టం చేశారు. 1993 జులై నుంచి అమెరికాలో అమ్మే టీవీల్లో తెర 13 అంగుళాలు, అంతకు మించి ఉంటే డీకోడర్ చిప్ లోపలే ఉండాలన్నారు. దాంతో విడి పెట్టె కొనే అవసరం తీరిపోయింది. గోలగా ఉండే హోటళ్ళలో, విమానాశ్రయాల్లో, పసిపిల్ల నిద్రపోతున్న గదిలో అందరూ చదవడం మొదలుపెట్టారు.

ఇక మన దగ్గరికి వద్దాం. తెర మీది మాటను అక్షరంలో చూసుకోవాలన్న కోరిక తెలుగువాళ్ళకు కొత్తది కాదు. సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు తెలియని పాతతరం ఉండదు. పల్చటి కాగితం, అట్ట మీద హీరో హీరోయిన్లు, లోపల నటవర్గం, సగం దాకా చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనే కథాసంగ్రహం, ఆ తర్వాత వరసగా పాటలు. పావలాకో అర్ధరూపాయికో కొనుక్కుని, ఇంటికి వచ్చి, రేడియోలో పాట వస్తుంటే వేలు పెట్టి చదువుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి తప్పుగా పాడుకున్న మాట ఆ పుస్తకంలో సరిగ్గా కనబడినప్పుడు కలిగే ఆనందం వేరు. తెలుగు నేలలో ఎంతోమంది ఆడవాళ్ళకు చదవడం మరిచిపోకుండా కాపాడింది వారపత్రికలే కాదు, ఈ చిన్న పుస్తకాలు కూడా.

చదవడం మరిచిపోవడం అన్నది మామూలు విషయం కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఎంత ఉధృతంగా సాగిందో తెలిసిందే. రాత్రి బడిలో సారా గురించి చదివిన పాఠమే దూబగుంట ఆడవాళ్ళను సారా కొట్ల మీదికి నడిపించింది. ఆ ఉద్యమం ఊరూరా పాకింది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది. అక్షరానికి అంత బలం ఉంది. కానీ రాత్రి బడులు మూతబడ్డాక, చేతిలో పుస్తకం లేక, నేర్చుకున్న అక్షరాలు జారిపోయినవాళ్ళు లెక్కలేనంతమంది. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం. అయితే జనగణనలో ఇంట్లోవాళ్ళు ఔనంటే ఔనని రాసుకుంటారు, ఎవరి చేతా చదివించి చూడరు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదివే మనిషి, దినపత్రిక గడగడా చదివే మనిషి అందులో ఒకటే.

ఈ అగాధం మీద వంతెన వేసే ఉపాయం 1996లో అమెరికాలోని ఇథకాలో పుట్టింది. బ్రిజ్ కొఠారి అప్పుడు కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి, స్పానిష్ నేర్చుకుంటున్నారు. స్నేహితులతో కలిసి పెడ్రో అల్మొదోవార్ తీసిన స్పానిష్ సినిమా చూస్తున్నారు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. వీటి బదులు స్పానిష్ మాటలు స్పానిష్‌లోనే వేస్తే తనకు భాష తొందరగా వస్తుంది కదా అన్నారాయన. ఆ వెంటనే, మన హిందీ సినిమా పాటలకు హిందీ అక్షరాలే వేస్తే దేశం చదవడం నేర్చుకుంటుందన్న ఆలోచన వచ్చింది. స్నేహితుల మధ్య దొర్లిన మాటను ఆయన వదల్లేదు. అహ్మదాబాద్ ఐఐఎంలో చేరి దాని మీదే పనిచేశారు. మునిసిపల్ బడి పిల్లలకు అక్షరాలు వేసిన పాటలు చూపించి, అక్షరాల్లేని పాటలు చూసిన పిల్లలతో పోల్చి చూశారు. అక్షరాలతో చూసినవాళ్ళు చదవడంలో ముందుకెళ్ళారు. 1999లో దూరదర్శన్ గుజరాతీ పాటల కార్యక్రమం చిత్రగీత్‌లో అక్షరాలు మొదలయ్యాయి. 2002లో హిందీ పాటల కార్యక్రమం చిత్రహార్‌కి చేరాయి.

ఇందులో కిటుకు పాటలోనే ఉంది. పాట ముందే నోటికి వచ్చు. తర్వాత రాబోయే మాట ఏమిటో మనిషికి తెలుసు. తెర మీద ఆ మాట మీదికి రంగు పాకుతుంటుంది, గాయకుడు ఎక్కడ ఉంటే రంగు అక్కడ ఉంటుంది. కంటికి కనబడే ముక్కని నోట్లో ఉన్న మాటతో జతపరచుకోవడమే చెయ్యాల్సిన పని. పల్లవి మళ్ళీ వస్తుంది, అదే ముక్క మళ్ళీ కనబడుతుంది. తప్పు చదివినా అడిగేవాళ్ళుండరు, సిగ్గుపడే పని లేదు. అరవయ్యేళ్ళ అవ్వ పలక పట్టుకుని బడికి పోవడానికి మొహమాటపడుతుంది గానీ పాట చూడటానికి ఎందుకు మొహమాటపడుతుంది? ఎవరూ పాఠం చెప్పడం లేదు, ఎవరూ నేర్చుకుంటున్నట్టు కూడా అనుకోరు. కన్ను మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. బడి నడపడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ అక్షరాల ఖర్చు నలుసంత.

తర్వాత కొఠారి మొదలుపెట్టిన ప్లానెట్‌రీడ్ సంస్థ ఈ పనిని మరికొన్ని భాషలకు తీసుకెళ్ళింది. ఆ వరసలో తెలుగు చిత్రలహరి కూడా ఉంది. శుక్రవారం సాయంత్రం వీధులు ఖాళీ చేయించిన చిత్రలహరిని ఎరగని తెలుగిల్లు ఒకప్పుడు లేదు. ఆ కార్యక్రమంలో తెలుగు పాట కింద తెలుగు అక్షరాలు నడిచాయన్నది మనం చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోని విషయం.

తెలుగు అక్షరాన్ని తెర మీద నిలబెట్టడం ఇంగ్లీషంత తేలిక కాదు. స్త్రీ అని రాసి చూడండి. సకారం, దాని నెత్తిన గుడిదీర్ఘం, కింద తవత్తు, ఆ పక్కన రవత్తు. ఒక్క అక్షరమే మూడంతస్తులు. రెండు వరసలు దగ్గరగా వేస్తే పై వరస వత్తులు కింది వరస తలకట్టుల్లో చిక్కుకుంటాయి. ఎడం ఇస్తే నటుల మెడ దాకా అక్షరాలే. పైగా మన మాట పొడుగు. వెళ్ళిపోతున్నాననుకున్నావేమో అన్నది ఒక్క మాట, దాన్ని ఎక్కడ విరవాలి? అవన్నీ తెలిసినవాళ్ళు కూర్చుని చేస్తేనే చదవబుద్ధి వేస్తుంది. ఇవాళ్టి తెరలకు ఆ ఇరుకు లేదు. వత్తులన్నీ స్పష్టంగా చూపించగల ఖతులు మనకు ఉన్నాయి. ఇక కావలసింది చెయ్యాలన్న పట్టింపే.

యంత్రమే విని రాసే రోజులు కూడా వచ్చాయి. 2009లో యూట్యూబ్‌లో మాటల్ని తనంత తానే అక్షరాలుగా మార్చే సదుపాయం ఇంగ్లీషులో మొదలైంది. దాని వెనక పనిచేసిన గూగుల్ ఇంజనీరు కెన్ హారెన్‌స్టీన్‌కి వినికిడి లేదు. ఎమర్సన్ రొమెరో కత్తెర పట్టుకుని మొదలుపెట్టిన పనిని అరవై రెండేళ్ళ తర్వాత ఆయన లాంటి మరో మనిషి ఇంతవరకూ తీసుకొచ్చాడు. అవసరం ఎవరిదో వాళ్ళు పూనుకుంటేనే పని ముందుకు కదిలిందని ఈ కథలో అడుగడుగునా కనబడుతుంది.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం టీవీ కార్యక్రమాలు వాళ్ళకు అందుబాటులో ఉండాలని చెప్పింది. 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం టీవీ కార్యక్రమాలకు ప్రమాణాలు ప్రకటించింది. కాగితం మీద అంతా బాగానే ఉంది. తెలుగు ఛానళ్ళు తిప్పుతూ పోతే మాత్రం పాటల కింద, సీరియళ్ళ కింద తెలుగు అక్షరాలు కనబడటం అరుదు. ఓటీటీల్లో తెలుగు సినిమాకు ఇంగ్లీషు అక్షరాలు దొరుకుతాయి, తెలుగువి చాలావాటికి దొరకవు. డల్లాస్‌లోనో సిడ్నీలోనో పెరుగుతున్న మన పిల్ల తెలుగు విని అర్థం చేసుకుంటుంది గానీ చదవలేదు. సినిమా చూస్తున్నంతసేపూ ఆ పిల్ల చదివేది ఇంగ్లీషే. ఆ రెండు గంటలూ తెలుగు అక్షరాలు ఆ పిల్ల కళ్ళ ముందు ఉండొచ్చు కదా! వినబడని తాతయ్యకు, చదువు మరిచిన అవ్వకు, తెలుగు లిపి రాని మనవరాలికి ముగ్గురికీ పనికొచ్చేది ఆ ఒక్క వరసే.

కాబట్టి ఛానళ్ళు నడిపేవాళ్ళకు నా విన్నపం: వారానికి ఒక్క పాటల కార్యక్రమంతోనైనా మొదలుపెట్టండి. పాట సాహిత్యం మీ దగ్గర ఉంది, రాసిన కవి పేరు కూడా పక్కన వెయ్యండి. పాఠకులకు ఒక మాట: మీరు చూసే యాప్‌లో భాషల జాబితా తెరిచి, సబ్‌టైటిల్స్‌లో తెలుగు ఉందేమో చూడండి. ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళ కోసం, పిల్లల కోసం దాన్ని పెట్టి ఉంచండి. లేకపోతే కావాలని ఆ సంస్థకు రాయండి, తెలుగులోనే రాయండి.